మడవ తిప్పిన సారు

చర్చిల కమిటీ కార్యదర్శి గారు నా అంగట్లోకి వస్తూనే జేబులోంచి ఒక చీటీ తీసి నా కీబోర్డు మీద పెట్టారు. జమ్మలమడుగు సారు పోయిన కబురు ముందురోజే ఫోన్లో వచ్చింది కాబట్టి, అది దేని గురించో చదవకుండానే తెలిసింది. చీటీలో ఆయన పేరు, ఊరు, చేసిన ఉద్యోగం, ప్రభువునందు నిద్రించిన తేదీ ఉన్నాయి. ఇంకేమీ లేదు.

"మూడు వరసలకు సరిపోతుంది కదమ్మా?" అని అడిగారు.

సరిపోతుందన్నాను. నోటి దాకా వేరే మాటలు వచ్చాయి గానీ, చావు కబురు తెచ్చిన మనిషితో కొట్లాట ఎందుకని మింగేశాను. ఆ మూడు వరసల రూలు ఈయన ఒక్కడిదే కాదు. సారే ఒప్పుకుని సంతకం పెట్టిన రూలు. బతికినన్నాళ్లూ ఎవరి రాతలోనూ ఒక్క మాట తెంపనివ్వని మనిషి, తన వంతు వచ్చేసరికి మూడు వరసల్లో ఇమిడిపోవాలి. నాకు కోపం వచ్చింది. నాకు కోపం తొందరగానే వస్తుంది. ప్రొద్దుటూరులో డీటీపీ అంగడి నడిపే ఏ ఆడమనిషినైనా అడగండి, ఎందుకొస్తుందో చెబుతుంది.

సారు గురించి చెప్పాలంటే ముందు ఆయన చెప్పుల గురించి చెప్పాలి. అంగడి గడప బయటే విడిచి లోపలికి వచ్చేవాడు. ఇది బడీ కాదు, గుడీ కాదు, చెప్పులతో రావచ్చు సార్ అని చెప్పి చూశాను. అక్షరాలున్న చోట చెప్పులేసుకుని తిరిగితే తనకు కాళ్లు మండుతాయన్నాడు. ఆయన చెప్పులు చూసి వెనకొచ్చిన వాళ్లు కూడా విడిచేవారు. ఆధార్ జిరాక్సుకు వచ్చినవాళ్లు, శుభలేఖకు వచ్చినవాళ్లు, దారి అడగడానికి వచ్చినవాళ్లు, అందరూ. ఆయన వచ్చిన రోజున నా గడప ముందు పెళ్లింటి ముందున్నన్ని చెప్పులు పడి ఉండేవి. ఒకసారి ఒక పెద్దావిడ గడప దగ్గరే ఆగి, పూజ ఎంతసేపటికి అయిపోతుందని అడిగింది.

రెండోది స్కేలు. అడుగు పొడవు ఉక్కు స్కేలు. దాన్ని చొక్కా కాలరు వెనక నుంచి వీపులోకి దించుకుని జమ్మలమడుగులో బస్సెక్కేవాడు. జేబులో పట్టదు, చేతిలో పట్టుకుంటే సీటు మీద మరిచిపోతాడు. వీపున స్కేలు ఉన్నందువల్ల ఎప్పుడూ నిటారుగా కూర్చునేవాడు. కొత్తవాళ్లు అది క్రమశిక్షణ అనుకునేవారు. కావలసినప్పుడు కాలరు వెనక చెయ్యి పెట్టి సర్రున తీసి, నా కంప్యూటరు తెర మీదే పెట్టి బాక్సులు కొలిచేవాడు. తెర మీద కొలత, కాగితం మీద కొలత ఒకటి కావు సార్ అంటే, "అట్లయితే రెండిట్లో ఏదో ఒకటి అబద్ధం చెప్తాంది," అనేవాడు.

ఆయన రిటైరైన హెడ్మాస్టరు. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల వైపు చర్చిలు కొన్నిటికి కలిపి నెలకొకసారి నాలుగు పేజీల పత్రిక వస్తుంది. దానికి సంపాదకుడు, ప్రూఫులు దిద్దేవాడు, కట్టలు కట్టి బస్సుల్లో వేసేవాడు అన్నీ ఆయనే. నేను ఆ మతం దాన్ని కాను. మొదటి నెల "ప్రభువునందు నిద్రించినవారు" అనే శీర్షిక టైపు చేస్తూ, నిద్రపోయిన వాళ్ల పేర్లు అచ్చు వేయడం ఎందుకా అనుకున్నాను. వాళ్లలో చనిపోవడాన్నే అట్లా అంటారని ఆయన నవ్వకుండా చెప్పాడు. అప్పటి నుంచే ఆయనంటే నాకు కొంచెం గౌరవం.

కొంచెమే ఎందుకంటే, మిగతాదంతా ఆయన ఖాకీ కవరు తినేసింది. దాంట్లో ఉత్తరాలుండేవి. నోటుబుక్కు కాగితాల మీద, పాత శుభలేఖల వెనక, ఎరువుల అంగడి రసీదు వెనక రాసినవి. రాసేవాళ్లంతా ఎప్పుడూ రాయని వాళ్లే. ఉపాధి పనికి పోయే ఆడవాళ్లు, రిటైరైన నర్సులు, బోరులో నీళ్లు పడినందుకు దేవునికి స్తోత్రం చెప్పుకునే రైతులు. చిలమకూరు నుంచి ఒకామె ప్రతి నెలా రాసేది. భర్తకు సిమెంటు ఫ్యాక్టరీలో పని. ఉత్తరం ఎండతో మొదలై, దేవుని కృప మీదుగా తిరిగి తిరిగి, చివరికి తన బర్రె దగ్గరికి చేరేది. నాలుగు పేజీల పత్రికలో బర్రెకు చోటేదని నేను, బర్రె లేకపోతే ఆ ఉత్తరమే లేదని ఆయన. తాను దూర కంత లేదు, మెడకో డోలన్నట్టు ఉండేది మా పత్రిక.

"మనిషి నోరు తెరిచేదే తక్కువ మా. తెరిచినప్పుడు మూయించేదానికి మనం ఎవురం?" అనేవాడు. ఇది ఆయన మొదటి మాట, చివరి మాట. దీని మీద ఆయనతో వాదించి గెలిచినవాళ్లు లేరు.

ఈ మాట వల్ల నేను పడిన అవస్థ చెబుతాను. పేజీలో బాక్సులు గీస్తాం. ఉత్తరాన్ని మొదటి బాక్సులో పెడితే పట్టినంత పడుతుంది. పట్టనిది అడుగున కనబడకుండా దాక్కుంటుంది. ఆ తోకను వెదికి పట్టుకుని, కత్తిరించి, మూడో పేజీలో ఇంకో బాక్సులో అతికించాలి. అతికించి ఊపిరి పీల్చుకునేలోపు సారు మొదటి బాక్సులో ఒక మాట కలపమంటాడు. కలిపితే ఇంకొక వరస తోకలో చేరుతుంది. మళ్లీ కత్తిరించాలి, మళ్లీ అతికించాలి. నా దగ్గర పేజీలు కట్టడానికి వేరే సాఫ్ట్‌వేర్ ఉంది, అందులో ఈ బాధ ఉండదని చెప్పాను. ఆయన ల్యాప్‌టాప్‌లో ఉన్నది వర్డు, ఆయనకు వచ్చింది వర్డు. ఇంటి దగ్గర తెరిచి చూసుకోవాలి కాబట్టి వర్డులోనే కావాలన్నాడు. ఒక నెల పన్నెండోసారి తోక కత్తిరించాక, ఇంకొక్క అక్షరం కలపమంటే ఈ కంప్యూటరు ఎత్తుకుపోయి పెన్నలో పారేస్తానన్నాను.

"పారెయ్ మా. పెన్నలో నీళ్లు యాడుండాయి, తడవదులే," అన్నాడు. అని, ఆ ఒక్క అక్షరం కలపమన్నాడు.

అట్లాంటి రోజుల్లోనే ఒక పొద్దున నేను శుభలేఖ పనిలో ఉన్నాను. ఆయన తన ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, పైన ఉన్న గుర్తులన్నిటినీ ఒక వరసలో నొక్కుకుంటూ పోతున్నాడు. హాజరు పిలిచినట్టు, ఒక్కటీ వదలకుండా. ఉన్నట్టుండి రెండు చేతులూ పైకెత్తేశాడు.

"మా, ఇట్ల రా. బాణం పోయి చెంబు వచ్చింది."

వెళ్లి చూశాను. నిజమే, తెర మీద మౌసు బాణం ఉండాల్సిన చోట చిన్న చెంబు నిలబడి ఉంది. ఇన్నేళ్లుగా ఈ పని చేస్తున్నా నేనెప్పుడూ దాన్ని చూడలేదు. తెలీదని ఒప్పుకోవడం నా వల్ల కాదు కాబట్టి, వైరస్ అయ్యుంటుంది, ముట్టుకోవద్దన్నాను. ఆయన అప్పటికే చెంబును తీసుకుపోయి రాత ఉన్న బాక్సు మీద నొక్కేశాడు. ఆ బాక్సు ఖాళీగా లేదు, కుదరదు అని ఇంగ్లీషులో వచ్చింది. స్కేలు పెట్టి ఒక్కొక్క మాటా చదివాడు.

"ఖాళీగా ఉండాలంట. న్యాయమే గదా. నిండిన మడికి నీళ్లెవురు పెడ్తారు," అన్నాడు.

పక్కన ఖాళీ బాక్సు గీసి, మళ్లీ చెంబు తెప్పించాడు. ఖాళీ బాక్సు మీదికి పోగానే చెంబు వంగింది. దాని మూతి నుంచి అక్షరాలు కారుతున్నట్టు కనిపించింది. నొక్కాడు. మొదటి బాక్సు అడుగున దాక్కున్న తోక మొత్తం వచ్చి రెండో బాక్సులో కూర్చుంది. మొదటి దాంట్లో ఒక మాట కలిపాడు. రెండో దాంట్లో రాత తనంతట తానే ఒక అడుగు జరిగింది. ఆ మాట తీసేశాడు. రాత వెనక్కి వచ్చింది. సారు కుర్చీలోంచి లేచి నిలబడిపోయాడు.

ఆయనకు జమ్మలమడుగు పొలిమేరలో అరెకరం పసుపు తోట ఉంది. బోరు నీళ్లు కాలువలో వస్తుంటే, ఒక మడి నిండగానే గట్టు తవ్వి పక్క మడికి దారి ఇస్తారు. ఆ దారే మడవ. దాన్ని తిప్పడం తెలియకపోతే ఒక మడి మునుగుతుంది, పక్కది ఎండుతుంది. ఉద్యోగం చేసినన్నాళ్లూ బడికి పోయే ముందు పార పట్టుకుని ఆ పని చేసిన మనిషి ఆయన.

"ఇది మడవ తిప్పేదే మా. ఇన్నాళ్లూ నువ్వు బిందెతో మోస్తాండావు," అన్నాడు. నాకు చాలా సిగ్గేసింది, అంతకంటే ఎక్కువ కోపమొచ్చింది.

ఆ తర్వాత ఒక నెల పాటు అంగట్లోకి వచ్చిన ప్రతివాళ్లకూ మడవ తిప్పి చూపించాడు. గండికోటలో యాత్రికులకు గదులిచ్చే ఒకాయన కరపత్రం వేయించుకోవడానికి వచ్చాడు. సారు ఆయన చేత చెప్పులు విడిపించి, కూర్చోబెట్టి, ఆరు బాక్సులు గీసి, చిలమకూరు ఆమె ఉత్తరాన్ని ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి పారించాడు. బర్రె ఆరో బాక్సులోకి వచ్చేదాకా ఆయన్ని కదలనివ్వలేదు. ఆయన ఓపిగ్గా చూసి, బాగుంది సార్, నా కాగితం ఒక్క పేజీనే అన్నాడు. ఒక్క పేజీ అయితే మాత్రం మడులుండవా అని సారు మళ్లీ మొదలుపెట్టాడు.

ఎవరైనా ఇక్కడితో ఆగుతారు. సారు ఆగలేదు. మొదటి పేజీ ప్రసంగం నుంచి నాలుగో పేజీ ప్రకటనల దాకా అన్ని బాక్సులనూ ఒకే కాలువగా కలిపేశాడు. శీర్షికలు మాత్రం గట్ల మీద రాళ్లలా ఎక్కడివక్కడ ఉంటాయి. నాలుగో పేజీలో పైన వివాహ వార్షికోత్సవ శుభాకాంక్షలు, దాని కింద నిద్రించినవారు. నాకెందుకో భయమేసింది. పెళ్లిరోజుల్ని, చావుల్ని ఒకే కాలువలో పెట్టొద్దు సార్ అన్నాను. "మనిషి బతుకులో మాత్రం వేరే కాలవలుండాయా?" అన్నాడు. మాట బాగుందనిపించి ఊరుకున్నాను. బాగున్న మాటలతోనే వస్తుంది చిక్కంతా.

వాళ్ల చర్చిల్లో ఒక పద్ధతి ఉంది. ఆరాధన చివర సంఘపెద్ద ఒకాయన పత్రికలోని ప్రకటనలు ఉన్నవి ఉన్నట్టు చదువుతాడు. శుభాకాంక్షలంటే అందరూ చప్పట్లు కొడతారు. నిద్రించినవారంటే లేచి ఒక నిమిషం మౌనంగా నిలబడతారు. పెద్ద చదువుతాడు, జనం చేస్తారు. మధ్యలో ఆలోచన ఉండదు.

ఆ నెల పత్రిక ప్రెస్సుకు పోయే రోజు చిలమకూరు ఉత్తరం పొడుగైంది. సారు టీ తాగడానికి బయటికి పోయినప్పుడు నేను అందులో రెండు వరసలు తీసేశాను. బర్రె ఏ రంగుదో, దాని కొమ్ములు ఎటు తిరిగి ఉన్నాయో చెప్పే వరసలు. పేజీలన్నీ చక్కగా కుదిరాయి. ఆయన తిరిగొచ్చి రెండో పేజీ చూస్తూనే, బర్రె కొమ్ములేవీ అన్నాడు. ఉత్తరాలన్నీ ఆయనకు నోటికి వచ్చు. తనే కూర్చుని ఆ రెండు వరసలూ తిరిగి పెట్టాడు. చివరి పేజీ ఒకసారి చూడు మా, నీళ్లు యాడికి పోయినాయో అన్నాడు. చూశానన్నాను. చూడలేదు.

కొమ్ములు వచ్చి కూర్చున్నందుకు రాత మొత్తం రెండు వరసలు కిందికి జరిగింది. శుభాకాంక్షల బాక్సు అడుగున పులివెందుల పక్క వేముల ఊరి దంపతులున్నారు, పెళ్లయి యాభై ఏళ్లు. వాళ్ల రెండు వరసలూ జారిపోయి నిద్రించినవారి కింద పడ్డాయి. ఆదివారం పులివెందుల చర్చిలో సంఘపెద్ద ఆ శీర్షిక చదివి, వాళ్ల పేర్లు చదివాడు. జనమంతా లేచి తలలు వంచారు. మూడో వరసలో కూర్చున్న వేముల పెద్దాయనకు చెవులు సరిగా వినపడవు. అందరూ లేస్తే తనూ లేచి తల వంచి నిలబడ్డాడు. పక్కనున్న భార్యను, ఎవురు పోయినారని అడిగాడట. ఆమె చొక్కా పట్టి గుంజి, "మనమే, కూచ్చో," అన్నదట.

రెండు రోజులకు ఆ ఇద్దరూ బస్సులు మారి ప్రొద్దుటూరు వచ్చారు. ఆ రోజు సారు నా అంగట్లోనే ఉన్నాడు. వాళ్లను చూడగానే లేచి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేను కంప్యూటరు వెనక దాక్కున్నాను. పెద్దాయన మడిచిన పత్రిక విప్పి బల్ల మీద పెట్టి, వేలితో చూపించాడు.

"అయ్యోరూ, నేను సచ్చిపోతే రెండు వరసలేనా?" అన్నాడు.

సారు పత్రికను తన వైపు తిప్పుకున్నాడు.

"ఈ కిందాయనకు చూడు, నాలుగు వరసలుండాయి. నా మాదిరి యాభై ఏండ్లు కాపరం చేసినాడా ఆయప్ప? నాకు రెండే పెడ్తివే."

"నాకు మాత్రం బాధ ల్యాదా?" అని అందుకుంది ఆమె. "నేను పోయినందుకు గాదు. పోయేటప్పుడు గూడా ఈయనతోనే గలిపి పంపిచ్చినారే, అదీ," అంది.

నేను దాక్కున్న చోటనే నవ్వు ఆపుకోలేక దగ్గాను. సారు మాత్రం నవ్వలేదు. ఎంత పెద్దగా కావాలన్నా రాస్తానని, ఒక్క మాట తెంపనని పెద్దాయన చెయ్యి పట్టుకుని చెప్పాడు. పెద్దాయన ఒకే షరతు పెట్టాడు. ఇకమీదట ప్రతి ఏడూ తన పెళ్లిరోజుకు నాలుగో పేజీలో విడిగా ఒక బాక్సు ఉండాలి, దానికి ఏ చచ్చినవాళ్లతోనూ పొత్తు ఉండకూడదు. సారు అప్పుడే నిద్రించినవారి పక్కన జాగా చూసి, స్కేలుతో కొలిచి, ఎనిమిది వరసలు పట్టే బాక్సు గీసి చూపించాడు. దాని నెత్తిన శుభాకాంక్షల శీర్షిక కూడా వేరేగా పెట్టాడు.

వేముల వాళ్లతో అయిపోయింది గానీ కమిటీతో కాలేదు. జమ్మలమడుగులో మీటింగు పెట్టారు. పత్రిక ఆపేద్దాం, ప్రకటనలు వాట్సాప్‌లో పెట్టుకుంటే చాలని కార్యదర్శి గారి వాదన. తప్పు ఎట్లా జరిగిందో చెప్పడానికి నన్ను కూడా పిలిచారు. పోయేదాకా నేను నిజం చెప్పాలనే అనుకున్నాను. రెండు వరసలు తీసింది నేను, చివరి పేజీ చూడకుండానే చూశానన్నది నేను. అక్కడ అంతమంది ముందు నిలబడేసరికి నాలుక మడత పడిపోయింది. సారు నా వైపు ఒకసారి చూసి, కాలువ తవ్వింది తానేనని, నీళ్లు తప్పుదోవ పడితే తవ్విన వాడిదే తప్పని చెప్పాడు.

పత్రిక బతికింది. ఆయన ప్రాణం పెట్టుకున్నది అదొక్కటే కాబట్టి, బతకడానికి వాళ్లు అడిగిన దానికి తల ఊపాడు. నిద్రించినవారి బాక్సు దేనితోనూ కలవకూడదు. ఒక్కొక్కరికి మూడు వరసలు, అంతకు మించి వీల్లేదు. కాగితం రాసి సంతకం పెట్టమన్నారు. పెట్టేటప్పుడు ఆయన వీపు మొదటిసారి వంగడం చూశాను. స్కేలు ఆ రోజు తెచ్చుకోలేదు.

బయటికొచ్చాక, నా తప్పు మీ నెత్తిన ఎందుకేసుకున్నారు సార్ అని అడిగాను.

"బర్రె కొమ్ములు నువ్వు తీసేసినావని ఆడ చెప్పింటే ఆ మాట చిలమకూరు దాకా పోతాది మా. ఆమె మళ్ల రాయదు," అన్నాడు. నన్ను కాపాడాడేమో అనుకుంటూ అడిగాను నేను. ఆయన కాపాడింది ఒక బర్రెను. ఇప్పటికీ ఆ మాట తల్చుకుంటే నవ్వొస్తుంది, కళ్లలో నీళ్లూ వస్తాయి.

మరుసటి నెల ఆ బాక్సుకు లింకు తెంపే పని వచ్చింది. ఒక్క నొక్కు నొక్కితే అయిపోతుంది. ఆయన మౌసు నా వైపు జరిపి, "గట్టు కట్టేయ్ మా, నా చేత గాదు," అన్నాడు. నొక్కాను. అప్పటి నుంచి ఆ మడి ఒంటరి. ఎంత గొప్పవాళ్లు పోయినా మూడు వరసలే. నాలుగో వరస రాస్తే బాక్సు అడుగున పడిపోయి కనబడదు. చావు కబురు తెచ్చిన ప్రతి ఇంటివాళ్లకూ ఆ సంగతి సారే చెప్పుకోవాల్సి వచ్చేది. చెప్పిన ప్రతిసారీ వాళ్లతో పాటు బస్టాండు దాకా నడిచి వెళ్లేవాడు. అచ్చులో పట్టని మాటలన్నీ ఆ దారిలో వినేవాడనుకుంటాను.

చివరిసారి వచ్చినప్పుడు బాగా చిక్కిపోయాడు. చెప్పులు విడిచి లోపలికి రావడానికి గడప పట్టుకున్నాడు. పనంతా అయ్యాక కవరు మడుస్తూ, తన వంతు వచ్చినప్పుడు కూడా మూడు వరసలే పెట్టమన్నాడు. అట్లాంటి మాటలు వద్దన్నాను.

"రూలు రూలే మా. కాకపోతే ఆ మూడో వరస రోంత పొడుగ్గా పెట్టు," అని కన్ను గీటాడు.

ఇదంతా కార్యదర్శి గారి చీటీకి ముందు కథ. ఆయన వెళ్లిపోయాక సారు పత్రిక ఫైలు తెరిచాను. చీటీలోని మాటలు టైపు చేస్తే రెండు వరసలైంది. మూడో వరస మొదలుపెట్టాను. పెట్టాక ఆగడం నా వల్ల కాలేదు. చెప్పులు, స్కేలు, పసుపు తోట, బస్టాండు దాకా నడక, బర్రె కొమ్ములు, కమిటీలో ఆయన నెత్తినేసుకున్న నా తప్పు, అన్నీ రాశాను. నా జన్మలో నేను సొంతంగా రాసింది అదొక్కటే. తెర మీద మూడు వరసలే కనబడుతున్నాయి. మిగిలిందంతా బాక్సు అడుగున చీకట్లో ఉంది. నాలుగు పేజీల్లో ఎక్కడా ఖాళీ బాక్సు లేదు. ఒకరిది తీసి ఈయనది పెడదామంటే, ఎవరిదీ తియ్యకూడదన్నదే ఈయన మతం.

అప్పుడే వేముల పెద్దాయన ఫోన్ చేశాడు. ఆయన పెళ్లిరోజు ఆ నెలలోనే. ఎనిమిది వరసలూ ఎప్పుడో పంపించేశాడు. సారు పోయిన సంగతి తెలిసి ఫోన్ చేశాడు. అయ్యోరికి ఎన్ని వరసలు పెడ్తాండారని అడిగాడు. చెప్పాను. చెవులు వినపడని మనిషికి మూడుసార్లు గట్టిగా చెప్పాల్సి వచ్చింది, మూడోసారికి నా గొంతు పోయింది.

"నాది తీసేయ్ పాపా. ఆ మడి అయ్యోరికి తిప్పు," అన్నాడు.

ఆయన ఎనిమిది వరసలు తీసేశాను. నిద్రించినవారి బాక్సు మీద నొక్కి, లింకు నొక్కాను. బాణం పోయి చెంబు వచ్చింది. ఖాళీ బాక్సు మీదికి తీసుకుపోగానే వంగింది. దాక్కున్నదంతా వచ్చి ఆ బాక్సులో సరిగ్గా పట్టింది. మూడో వరస చివర "ఆయన తన బతుకులో" అని ఆగింది. పక్క బాక్సులో "ఎవరి మాటనూ తెంపలేదు" అని మొదలైంది. నిద్రించినవారి కింద మూడు వరసలే ఉన్నాయి కాబట్టి వరసల రూలు తప్పలేదు. కలపకూడదన్న రూలుకు నేను సంతకం పెట్టలేదు.

ప్రూఫు తీశాక ఒకటి కనబడింది. ఆ పక్క బాక్సు నెత్తిన వివాహ వార్షికోత్సవ శుభాకాంక్షలని శీర్షిక అట్లాగే ఉంది. ఈసారి నేను చివరి పేజీ చూశాను, బాగా చూశాను. సరిచేయడానికి ఒక్క నిమిషం పట్టదు. పులివెందుల పెద్ద ఉన్నది ఉన్నట్టు చదువుతాడని కూడా తెలుసు. ప్రెస్సుకు పంపించేశాను.

ఆదివారం మధ్యాహ్నం వేముల నుంచి ఫోన్ వచ్చింది. సంఘపెద్ద మూడు వరసలూ చదివాడంట. అందరూ లేచి తలలు వంచారంట. కూచోమని చెప్పకుండానే ఆయన పక్క బాక్సులోకి పోయి, శుభాకాంక్షలని చదివి, మిగతాదంతా బర్రె కొమ్ములతో సహా చదివాడంట. శుభాకాంక్షలన్నాక జనం ఏం చేస్తారు, నిలబడిన వాళ్లు నిలబడినట్టే చప్పట్లు మొదలుపెట్టారంట.

"శానాసేపు కొట్టినాం పాపా," అన్నాడు పెద్దాయన. "ఈతూరి మా ఆడమనిషి నా సొక్కా గుంజలేదు. ఆమె గూడా నిలబడి కొట్టింది."